బోస్టన్ గంటలకు బహుమతులుండవు

1659లో మాసచూసెట్స్ పాలకులు ఒక చట్టం చేశారు. క్రిస్మస్ పేరు చెప్పి పని మానేసినా, విందు చేసుకున్నా ఐదు షిల్లింగుల జరిమానా. ఆ చట్టం చేసినవాళ్లు వేరే మతస్థులు కారు, నిఖార్సైన క్రైస్తవులు. ఇంగ్లండులో రాజుగారి చర్చి ఆడంబరం గిట్టక ఓడలెక్కి వచ్చేసిన ప్యూరిటన్లు. బైబిల్లో తేదీ లేని పండగ వాళ్ల లెక్కలో పండగే కాదు, తాగి తందనాలాడటానికి ఒక సాకు. లండన్ ఒత్తిడి పెరిగాక 1681లో చట్టమైతే తీసేశారు గానీ, ఆ తర్వాత కూడా తరాల తరబడి బోస్టన్‌లో డిసెంబరు 25 మామూలు పనిరోజే.

అదే బోస్టన్‌లో ఇప్పుడు క్రిస్మస్ ముందురాత్రి బీకన్ హిల్ వీధుల్లో చేతిగంటలు మోగించడం ఊరి సంప్రదాయం. ఈ దేశంలో సంప్రదాయం అని ఎవరైనా అంటే నేను ముందు దాని వయసు అడుగుతాను. మన బెంగళూరు మడివాళలో సోమేశ్వరుడి గుడి గోడ మీద 1247 నాటి తమిళ శాసనం పక్కనుంచి బడికెళ్లినవాడికి ఆమాత్రం పొగరు ఉంటుంది. ఈ చేతిగంటల సంప్రదాయానికి వయసు నూరేళ్లు. కానీ ఆ నూరేళ్ల వెనకున్న కథ తెలుసుకుంటే, అమెరికా గురించి మనకున్న ఒక నమ్మకం కాస్త కదులుతుంది.

ముందు వస్తువు సంగతి. గంట అంటే మీకు గుడిలో కొట్టే గంట, హారతప్పుడు అయ్యవారు ఎడమచేత్తో ఆడించే గంట గుర్తుకొస్తాయి. ఆ రెండోదాన్ని తలకిందులు చేయండి. పిడి కింద, నోరు పైకి. పూజగంట నాలుక ఎటు పడితే అటు ఊగుతుంది, ఆడించినంతసేపూ గణగణ. దీని నాలుక ముందుకీ వెనక్కీ తప్ప పక్కలకి కదలదు, స్ప్రింగు పట్టి ఉంచుతుంది. మణికట్టు విసిరితే ఒకే ఒక్క దెబ్బ. ఆపాలంటే గంట అంచుని భుజానికి ఆనించాలి. లోహం మనకు తెలిసిన కంచే, రాగీ తగరమూ. ఒక గంటకి ఒకే స్వరం. మూడు స్థాయిలు పలకాలంటే 37 గంటలు కావాలి, మోగించడానికి పదకొండు మంది దాకా కావాలి. ఒక్క హార్మోనియాన్ని పదకొండు మంది పంచుకుని, తలా మూడు నాలుగు మెట్లు నొక్కుతున్నట్టన్నమాట.

నేనుంటున్న చోట అప్పుడప్పుడూ కొత్తవాళ్లనీ పాతకాపులనీ ఒకచోట చేర్చి ఒక శనివారమంతా గంటలు మోగిస్తారు. చుట్టుపక్కల ఊళ్ల చర్చి బృందాలు వస్తాయి, చర్చితో సంబంధం లేని బృందాలు వస్తాయి, ఏ బృందమూ లేని నాలాంటివాళ్లం వస్తాం. హాలు నిండా పొడుగాటి బల్లలు, వాటి మీద నాలుగంగుళాల మందాన స్పాంజి, దాని మీద గుడ్డ. చేతులకి తొడుగులు తప్పనిసరి, చెమట తగిలితే కంచు మచ్చపడుతుంది. నా పక్కన నిలబడ్డ పెద్దావిడ నమస్కారం, పలకరింపూ లేకుండా నా స్వరాల కాగితం లాక్కుని సున్నాలు చుట్టడం మొదలుపెట్టింది. ఎడమచేతి గంటకి నీలం, కుడిచేతి గంటకి ఎరుపు. "మిగతావి నీకు అనవసరం. నీ రెండూ వస్తే మోగించు, రాకపోతే లెక్కపెడుతూ ఉండు," అంది. ఇంతకన్నా క్లుప్తమైన సంగీత పాఠం నేను వినలేదు.

పాటలకి ఒకటి నుంచి ఆరు దాకా కష్టాన్ని బట్టి మెట్లుంటాయి. అందరూ కలిసి మోగించేవి కింది మెట్లవి. అయినా ఒకే పాటలో అందరి పనీ ఒక్కటి కాదు. పైస్థాయిలో వేగంగా పరుగెత్తే స్వరాలు పాతకాపులవి, వాళ్లు ఒక్కో చేత్తో రెండేసి గంటలు పట్టి ఒకదాన్ని ముందుకి, ఒకదాన్ని పక్కకి విసురుతారు. అడుగునున్న పెద్ద గంటలకి భుజబలం కావాలి. కొత్తవాళ్లని మధ్యలో నిలబెడతారు. కానీ ఆ మధ్యవాడు తప్పిపోతే పాటలో అక్కడ గొయ్యి పడుతుంది, పక్కవాడు ఎంత ఉద్దండుడైనా దాన్ని పూడ్చలేడు, ఆ గంట అతని చేతిలో లేదు కాబట్టి. సాయంత్రం వినడానికి ఇరుగుపొరుగు వస్తారు, చప్పట్లు కొడతారు, బల్లలు మడిచేస్తారు. మొదటి బహుమతి లేదు, రెండో బహుమతి లేదు.

నాకు అదే వింతగా తోచింది. స్పెల్లింగ్ బీకి పిల్లల్ని నిఘంటువులతో కుస్తీ పట్టిస్తున్న తెలుగిళ్ల మధ్య ఉంటున్నవాణ్ణి. అమెరికా అంటే పోటీ అనే కదా మనం చదివింది, మన పిల్లలకి చెప్పింది.

తీరా చూస్తే పోటీ పెట్టింది ఇంగ్లండువాళ్లు. అక్కడ చర్చి గోపురాల్లో గంటల్ని పాటగా కాక క్రమాలుగా మోగిస్తారు. ఏడు గంటలుంటే వాటి వరసల్ని ఒక్కటి కూడా మళ్లీ రాకుండా 5,040 విధాలుగా మార్చవచ్చు. అన్నీ మోగించడానికి సుమారు మూడు గంటలు పడుతుంది. చలికాలంలో గోపురమెక్కి అది సాధన చేయాలంటే మోగించేవాళ్లకీ కష్టం, ఊరికీ కష్టం. అందుకని వెచ్చటి గదిలో కూర్చుని సాధన చేసుకోవడానికి శ్రుతి చేసిన చిన్న గంటలు పుట్టాయి. విల్ట్‌షైర్‌లోని ఆల్డ్‌బోర్న్ అనే పల్లెలో రాబర్ట్, విలియం కోర్ అనే అన్నదమ్ములు 1696 నుంచి 1724 దాకా వీటిని పోతపోశారు. చేతికి గంట వచ్చాక పాట వాయించకుండా ఎవరుంటారు? నూరేళ్లు తిరిగేసరికి లాంకషైర్, యార్క్‌షైర్ మిల్లు ఊళ్లలో కార్మికుల గంటల బృందాలు వెలిశాయి. మాంచెస్టర్‌లోని బెల్ వ్యూ తోటలో 1855 నుంచి ఏటా పోటీలు. బల్లల మీద నూరుకు పైగా గంటలు పరిచి, చేతికందిన గంట అందినట్టు మార్చుకుంటూ మోగించే మొనగాళ్లు వాళ్లు. ఆ పోటీలు 1920ల్లో ఆగిపోయాయి.

మళ్లీ బోస్టన్‌కి వద్దాం. 1723లో కట్టిన ఓల్డ్ నార్త్ చర్చి ప్యూరిటన్లది కాదు, వాళ్లు వదిలేసి వచ్చిన ఆ రాజుగారి చర్చిదే. 1744లో ఇంగ్లండులోని గ్లాస్టర్‌లో ఏబెల్ రూడాల్ పోతపోసిన ఎనిమిది గంటలు దాని గోపురంలో ఉన్నాయి, పెద్దది 700 కిలోలు. ఉత్తర అమెరికాలోని బ్రిటిష్ సామ్రాజ్యం కోసం పోతపోసిన మొదటి గంటల జట్టు తామేనని ఆ గంటల మీదే చెక్కి ఉంటుంది. ఇక్కడ ఒకటి దాటెయ్యకూడదు. ఆ గోపురానికి విరాళమిచ్చినవాళ్లలో హోండూరస్ తీరపు కలప వ్యాపారులున్నారు, ఆ కలప కొట్టింది బానిసలు.

1750 ప్రాంతంలో ఏడుగురు కుర్రాళ్లు ఈ గంటలు మోగిస్తామని ఒక ఒప్పందం రాసుకున్నారు. వారానికి ఒక సాయంత్రం రెండు గంటలసేపు రావాలి. మూడు నెలలకోసారి తమలో ఒకణ్ణి పెద్దగా ఎన్నుకోవాలి. కొత్తవాణ్ణి చేర్చుకోవాలంటే అందరూ ఒప్పుకోవాలి. గోపురంలో ఎవర్నీ డబ్బులడుక్కోకూడదు, అడిగితే బహిష్కారం. సంతకం చేసినవాళ్లలో పాల్ రివీర్ ఉన్నాడు. పాతికేళ్ల తర్వాత, 1775 ఏప్రిల్ 18 రాత్రి, ఇంగ్లీషు సైన్యం నది దాటుతోందని ఇదే గోపురంలో రెండు లాంతర్లు వేలాడదీసే ఏర్పాటు చేసి, గుర్రమెక్కి ఊరూరా హెచ్చరిస్తూ పోయినవాడు. అతనిది ఈ చర్చి కాదు. స్వాతంత్ర్యం వచ్చాక సొంతంగా గంటలు పోతపోశాడు కూడా. అమెరికా ప్రజాస్వామ్యం గురించి ఫిలడెల్ఫియా స్వాతంత్ర్య ప్రకటన దగ్గర మొదలుపెట్టి చెబుతారు. నాకైతే ఈ కుర్రాళ్ల కాగితం దగ్గర మొదలుపెట్టడం ఇష్టం.

చేతిగంటలు ఈ దేశంలో పేరు తెచ్చుకున్నది మాత్రం సర్కస్ బుద్ధి వల్ల. 1844 ప్రాంతంలో ప్రదర్శనల వ్యాపారి పి.టి. బార్నమ్ లివర్‌పూల్‌లో లాంకషైర్ గంటలవాళ్లని చూసి అమెరికాకి కుదుర్చుకున్నాడు. మీసాలు పెంచండి, రంగురంగుల బట్టలు వేసుకోండి, ఇకనుంచి మీరు స్విట్జర్లాండువాళ్లు అన్నాడు. మాకు ఇంగ్లీషు తప్ప రాదే అన్నారట వాళ్లు. మీ లాంకషైర్ యాస ఎవరికీ అర్థం కాదు, స్విస్ అంటే నమ్మేస్తారని ఈయన జవాబు. బార్నమ్ స్వయంగా రాసుకున్న కథ కాబట్టి కొంత తగ్గించి నమ్మండి. జనం మాత్రం నమ్మారు. ఆ తర్వాత చాలాకాలం నాటకశాలల్లో 'స్విస్ గంటల' వేషాలు ఆడాయి. అవి పోయాక గంటలూ మరుగున పడ్డాయి.

మళ్లీ బతికించింది మార్గరెట్ షర్‌క్లిఫ్. వాళ్ల నాన్న ఆర్థర్ నికల్స్ బోస్టన్ వైద్యుడు, 1894లో ఓల్డ్ నార్త్ గంటల్ని బాగుచేయించడానికి పూనుకున్నాడు. 1902లో ఆమె ఇంగ్లండు వెళ్లి అక్కడి గోపురాల్లో మగవాళ్లకి దీటుగా గంటలు మోగిస్తే, మెచ్చుకుని లండన్ వైట్‌చాపెల్ పోత కర్మాగారం వాళ్లు ఒక జట్టు చేతిగంటలు బహూకరించారు. వాటితోనే 1923లో ఇంటివాళ్లనీ ఇరుగుపొరుగునీ చేర్చి బీకన్ హిల్ బృందం కట్టింది. పౌరహక్కుల సంఘం పెట్టినవాళ్లలో ఉన్న మనిషి, వడ్రంగం తెలిసిన మనిషి, కాలక్షేపానికి గంటలు పట్టిన గొప్పింటి ఆడపడుచు అనుకోవద్దు. 1937లో న్యూ ఇంగ్లండు చేతిగంటల సంఘం, 1954లో మాసచూసెట్స్‌లోని ఇప్స్‌విచ్ ఊళ్లో కాసిల్ హిల్ అనే భవంతిలో దేశవ్యాప్త సంఘం ఏర్పడ్డాయి. పోటీలు పెట్టడం కాదు, తలా కొన్ని గంటలు తెచ్చుకుని కలిసి మోగించడం దాని పద్ధతి.

అది అప్పటి అమెరికాకి సరిగ్గా అతికింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసింది, ఊళ్ల శివార్లలో కొత్త ఇళ్లు, కొత్త చర్చిలు. పాడలేని పిల్లలకీ పెద్దలకీ ఏదో ఒక పని ఇవ్వాలి. గంటలైతే గొంతు అక్కర్లేదు, ఏళ్ల సాధన అక్కర్లేదు. గిరాకీ చూసి పెన్సిల్వేనియాలోని షుల్మెరిక్ కంపెనీ 1960ల్లో గంటల తయారీకి దిగింది. అక్కడ వాటిని రూపొందించిన జేకబ్ మాల్టా బయటికొచ్చి 1973లో మాల్‌మార్క్ పెట్టాడు. అప్పట్లో రెండూ ఒకే జిల్లాలో. తోలు తాపిన నాలుకల బదులు మెత్తగానో గట్టిగానో మార్చుకోగలిగే నాలుకలు వచ్చాయి. పోటీ అంతా ఆ కర్మాగారాల మధ్య జరిగింది, కోర్టులకీ ఎక్కింది. మోగించేవాళ్ల దగ్గరికి రాలేదు.

మొనగాళ్ల ఆట మొనగాళ్లతోనే పోయిందని, నాసిరకంవాళ్లకి చోటిచ్చిన ఆట బతికిందని నా అభిప్రాయం. బెల్ వ్యూ పోటీలు పోవడానికి మిల్లులు దెబ్బతినడం, మొదటి ప్రపంచ యుద్ధం కూడా కారణాలై ఉండవచ్చు, కాదనను. కానీ ఓడిపోయే అవకాశమే లేనిచోట మనిషి మళ్లీ వస్తాడు.

ఇక్కడా అంతా బాగుందని చెప్పను. నేను వెళ్లినచోటల్లా తల నెరిసినవాళ్లే ఎక్కువ, తెల్లవాళ్లే ఎక్కువ. చర్చిలకి జనం తగ్గేకొద్దీ గంటలు పెట్టెల్లో పడుంటున్నాయి. ఆ దేశవ్యాప్త సంఘం 2010లో తన పేరులోంచి 'ఇంగ్లీష్' తీసేసుకుంది, కొత్తవాళ్లు రావడానికి అదొక్కటే సరిపోలేదు.

మా ఊరి బృందంలో ఇద్దరు తగ్గారు. గ్రంథాలయంలో చీటీ అంటించారు: చర్చికి రానక్కర్లేదు, స్వరాలు చదవడం రానక్కర్లేదు, గురువారం సాయంత్రాలు ఖాళీ ఉంటే చాలు. అందులో ఒక చోటు మా ఆవిడ తీసుకుంది. రెండోదానికి ఇంకా ఎవరూ రాలేదు.