కాగితమే కదా అంటారు

పౌరసత్వం మాట ఎత్తితే చాలు, మనవాళ్ళు రెండు పక్షాలైపోతారు. "కాగితమే కదా, తీసేసుకుంటే ఓ పనైపోతుంది" అనేది ఒక పక్షం. "అయితే ఇంక మన దేశం వాళ్ళు కారన్నమాట" అనేది రెండోది. మా ఇంట్లో మొదటి పక్షానికి మావారు పెద్ద. రెండో పక్షానికి ఫోన్లో మా అమ్మ.

మేం అమెరికా వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. గ్రీన్‌కార్డు వచ్చి ఐదేళ్ళు నిండాయి కాబట్టి దరఖాస్తు పెట్టుకోవచ్చు. మావారు తన ఫారం ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుని నింపేశారు. నేను మాత్రం పరీక్షకి చదువుకోమని ఇచ్చే ప్రశ్నల జాబితా ముందేసుకుని, అందులో లేని ప్రశ్న దగ్గర ఆగిపోయాను. మనలాంటి వాళ్ళకి ఈ దేశం పౌరసత్వం ఎప్పటినుంచి ఇస్తోంది? పిల్లల్ని లైబ్రరీకి దింపినప్పుడల్లా దీని గురించే చదివాను. తెలిసింది మీతో చెప్పుకోవాలనిపించింది.

జవాబు 1946. అంటే మా అమ్మమ్మ కాపురానికొచ్చిన రోజులు. అంత దగ్గరి సంగతి.

ఈ దేశంలో మొదటి పౌరసత్వ చట్టం 1790లో వచ్చింది. బయటినుంచి వచ్చినవాళ్ళలో బానిసలు కాని తెల్లవాళ్ళకే పౌరసత్వం అన్నారు. అంతర్యుద్ధం తర్వాత, 1870లో, ఆఫ్రికా మూలాలున్న వాళ్ళని కూడా చేర్చారు. ఆసియా వాళ్ళు రెండిట్లోనూ లేరు. 1900 తర్వాత పంజాబు నుంచి, బెంగాలు నుంచి పడమటి తీరానికి వచ్చినవాళ్ళు కొందరు "మేమూ ఆర్యజాతి వాళ్ళమే, కాబట్టి తెల్లవాళ్ళ కిందే లెక్క" అని కోర్టుకి వెళ్ళారు. ఒక జడ్జి ఇచ్చేవాడు, ఇంకో జడ్జి కాదనేవాడు.

అమృత్‌సర్ వైపు నుంచి వచ్చిన భగత్‌సింగ్ థింద్ అనే ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. తలపాగాతోనే. ఆయన పౌరసత్వం మీద తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1923 ఫిబ్రవరి 19న జడ్జీలందరూ ఏకమై ఒకటే తీర్పు చెప్పారు. పండితులు జాతుల గురించి ఏమన్నా సరే, మామూలు మనిషి 'తెల్లవాడు' అంటే అనుకునే అర్థంలో హిందూదేశం వాళ్ళు రారన్నారు. అప్పట్లో సిక్కులయినా ముస్లిములయినా అందరినీ 'హిందువులు' అనే పిలిచేవారు ఇక్కడ.

ఆ తీర్పుతో కొత్తగా ఇవ్వడం ఆగిపోవడమే కాదు, అంతకు ముందు ఇచ్చినవాటిని కూడా వెనక్కి లాక్కోవడం మొదలుపెట్టారు. ఇక్కడే కళా బగాయ్ అనే ఆవిడ కథ చదివి పుస్తకం పక్కన పెట్టేశాను, ఆ రోజుకి ఇంక చదవలేక.

1915లో భర్త వైష్ణోదాస్ బగాయ్‌తో, ముగ్గురు మగపిల్లలతో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఓడ దిగింది ఆవిడ. ఆ రోజుల్లో ఈ దేశంలో భారతీయ స్త్రీలు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. ఆవిడ ముక్కుపుడకని చూసి వింతగా పత్రికలో రాశారట. పెషావర్‌లో కలిగిన కుటుంబం వాళ్ళది. బ్రిటిష్ పాలన కింద బతకడం ఇష్టం లేక, స్వతంత్ర దేశంలో పిల్లల్ని పెంచుకుందామని వచ్చారు. బర్క్‌లీలో ఇల్లు కొనుక్కుని సామాన్లతో వెళితే, ఇరుగుపొరుగు వాళ్ళు ఆ ఇంటికి తాళాలేసి లోపలికి రానివ్వలేదు. అయినా ఉన్నారు. ఆయన దుకాణం పెట్టుకున్నాడు, 1921లో పౌరసత్వం తెచ్చుకున్నాడు.

1923 తీర్పు తర్వాత అది రద్దయింది. పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు భూమి పుట్రా సొంతం చేసుకోకూడదని కాలిఫోర్నియాలో చట్టముండేది. ఇల్లూ దుకాణం వదులుకోవాల్సి వచ్చింది. ఇండియా వెళ్ళి అయినవాళ్ళని చూసి వద్దామంటే అమెరికా పాస్‌పోర్టు ఇవ్వలేదు, బ్రిటిష్ పాస్‌పోర్టు మీద వెళ్ళమన్నారు. ఎవరి పాలన వద్దనుకుని సముద్రం దాటాడో వాళ్ళ కాగితమే మళ్ళీ పట్టుకోమన్నారు. 1928లో ఒక గది అద్దెకి తీసుకుని, గ్యాస్ వదులుకుని ప్రాణం తీసుకున్నాడు. తనకి జరిగిందంతా ఉత్తరంలో రాసి పెట్టాడు. అది పత్రికలో వచ్చింది.

ఇది చదివాక "కాగితమే కదా" అనే మాట నా నోటికి రావడం మానేసింది.

కళగారు ముగ్గురు పిల్లలతో మిగిలింది. ఇంగ్లీషు అంతంతమాత్రం. పిల్లల్ని కాలేజీ చదువులు చదివించింది. తర్వాత మళ్ళీ పెళ్ళి చేసుకుంది. దక్షిణ కాలిఫోర్నియాలో కొత్తగా వచ్చిన భారతీయులకి పెద్దదిక్కుగా నిలిచి, 1983లో పోయింది. ఏ ఊళ్ళో వాళ్ళ ఇంటికి తాళాలేశారో ఆ బర్క్‌లీలోనే ఇప్పుడు ఒక వీధికి ఆవిడ పేరుంది. తిరిగి వెళ్ళిపోవాల్సింది కదా అనుకుంటామా, పెషావర్ 1947లో పాకిస్తాన్‌లోకి వెళ్ళిపోయింది. మనం కదలకపోయినా కాళ్ళ కింద దేశం కదిలిపోతుంది ఒక్కోసారి.

ఆడవాళ్ళ సంగతి ఇంకో రకం. 1907 చట్టం ప్రకారం, అమెరికాలో పుట్టిన ఆడపిల్లయినా విదేశీయుణ్ణి పెళ్ళాడితే ఆమె పౌరసత్వం పోయేది. 1922లో దాన్ని సరిచేశామన్నారు గానీ, పౌరసత్వానికి అర్హత లేనివాణ్ణి, అంటే ఆసియా వాణ్ణి, చేసుకుంటే మాత్రం పోవడమే. తారక్‌నాథ్ దాస్ అనే బెంగాలీ విప్లవకారుణ్ణి పెళ్ళాడిన మేరీ అనే అమెరికా ఆవిడ అలాగే తన దేశంలోనే పరాయిదైపోయింది. ఆ నిబంధన పోయింది 1931లో. భర్త ఏ దేశం వాడైతే భార్య ఆ దేశందే. మన గోత్రం మారినట్టే, అడగక్కర్లేకుండా.

మన తెలుగువాళ్ళ సంగతేమిటంటారా? యల్లాప్రగడ సుబ్బారావుగారు ఇక్కడికి వచ్చింది సరిగ్గా ఆ రోజుల్లోనే. భీమవరంలో పుట్టి, హార్వర్డ్‌లో చేరి, తర్వాత లెడర్లీ కంపెనీలో పరిశోధనలు నడిపించారు. గర్భిణులకి ఈరోజు ఇచ్చే ఫోలిక్ యాసిడ్ మాత్ర వెనకా, క్యాన్సర్‌కి వాడే మెథోట్రెక్సేట్ వెనకా ఆయన చెయ్యి ఉంది. ఆయన భార్య శేషగిరిగారు అక్కడే ఉండిపోయారు. 1948లో ఆయన ఇక్కడే కన్నుమూసేదాకా పాతికేళ్ళు ఈ దేశంలో విదేశీయుడిగానే బతికారు. ఆ పాతికేళ్ళలో ఎక్కువ కాలం, కావాలన్నా దొరకని పౌరసత్వం అది.

1946 జులై 2న ట్రూమన్ సంతకంతో భారతీయులకి పౌరసత్వ హక్కు వచ్చింది. దాంతోపాటు దేశం మొత్తం నుంచి ఏడాదికి వందమంది రావచ్చన్నారు. వంద! మా ఊరి పెళ్ళిలో ఒక బంతికి కూర్చునేవాళ్ళు. 1965 చట్టం ఆ లెక్క తీసేశాకే మన డాక్టర్లు, ఇంజనీర్లు రావడం మొదలైంది. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఇప్పటికీ ఏ ఒక్క దేశానికీ ఏడు శాతం మించకూడదని నియమం ఉంది. మా ఇంట్లో అంతకాలం ఎదురుచూసింది ఆ వరసలోనే.

ఆ ఎదురుచూసిన ఏళ్ళన్నీ నేను హెచ్-4 వీసా మీద ఉన్నాను. డిపెండెంట్. మావారి ఉద్యోగం ఉంటే నేనుంటాను, పోతే పోతాను. ఎమ్మెస్సీ చదివి కూడా చాలా ఏళ్ళు పని చెయ్యడానికి వీల్లేకపోయింది. ఎవరిమీదా ఫిర్యాదుగా చెప్పడం లేదు, నాలాంటివాళ్ళు వేలమంది. కానీ ఈ చరిత్రంతా చదివాక ఆ పౌరసత్వం ఫారం నాకు వేరేగా కనబడింది. అందులో నేను ఎవరి భార్యనో ఒక గడిలో అడుగుతారు గానీ, దరఖాస్తు నాదే. ఇంటర్వ్యూకి నేనే వెళ్ళాలి, ప్రశ్నలకి నేనే చెప్పాలి, ప్రమాణం నా గొంతుతోనే చెయ్యాలి. పెళ్ళిలో గోత్రం మార్చినప్పుడు నన్నెవరూ అడగలేదు. విమానం ఎక్కించినప్పుడు వీసా ఆయన పేరు మీదే వచ్చింది. దేశం మారేటప్పుడు మాత్రం అడుగుతున్నారు.

పోయేది లేదని కాదు. 1955 నాటి మన పౌరసత్వ చట్టం ప్రకారం, ఇంకో దేశం పౌరసత్వం తీసుకున్న క్షణం భారత పౌరసత్వం పోతుంది. పాస్‌పోర్టు అప్పగించాలి. ఓసీఐ కార్డు తీసుకుంటే వీసా లేకుండా రావచ్చు, పోవచ్చు. ఓటు మాత్రం ఉండదు, సేద్యం భూమి కొనలేను. నాన్న పొలం వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చట. ఇక్కడ ప్రమాణంలో వేరే రాజ్యాల పట్ల విధేయత వదులుకుంటున్నానని పైకి చెప్పాలి. ఆ వాక్యం ముందుగా వంటింట్లో గట్టిగా చదివి చూసుకున్నాను. గొంతు పట్టేసింది, నిజమే.

ఇదంతా మా అమ్మకి ఫోన్లో విడమర్చి చెప్పాను, కళా బగాయ్ గురించి కూడా. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆవిడకి ముగ్గురూ మగపిల్లలేనా? ఎలా పెంచిందో పాపం" అంది. ఇంకాసేపాగి, "అయితే నీకు ఓటు అక్కడన్నా ఉంటుందిగా?" అని అడిగింది.

ఉంటుందమ్మా అన్నాను. ఇరవై ఏళ్ళుగా నాకు ఎక్కడా ఓటు వెయ్యడం కుదరలేదు. అక్కడ పేరుంది, మనిషిని లేను. ఇక్కడ మనిషిని ఉన్నాను, పేరు లేదు. ఆ రాత్రి గిన్నెలు సర్దేశాక కూర్చుని ఫారం నింపాను. కాగితమే. కానీ ఒట్టి కాగితం కాదు.