రావణుడికీ ఉన్నాయి లక్షణాలు

మంచివాడి మంచితనం మొహంలోనే కనబడుతుందని మనకో గట్టి నమ్మకం. సినిమాలో చెంప మీద గాటున్నవాడు తెర మీదికి రాగానే వీడే విలన్ అని పక్కవాడికి చెప్పేస్తాం. ఈ అలవాటు వెనక చాలా పాత శాస్త్రం ఒకటుంది, సాముద్రికం. దీఘనికాయంలోని లక్ఖణసుత్తం మహాపురుషుడికి 32 లక్షణాలు లెక్కపెట్టి, ఏది ఏ పూర్వపుణ్యం వల్ల వచ్చిందో కూడా చెబుతుంది. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో పురుష లక్షణాలకి ఒక అధ్యాయమే ఇచ్చాడు.

వాల్మీకికీ ఈ నమ్మకం ఉందా? సుందరకాండ 35వ సర్గ చదివితే ఉందనే అనిపిస్తుంది. అశోకవనంలో సీత హనుమంతుణ్ణి అడుగుతుంది: రాముడి గుర్తులేమిటి, లక్ష్మణుడి గుర్తులేమిటి చెప్పు అని. హనుమంతుడు ముందు రాముడి గుణాలు చెప్పి, తర్వాత ఒంటి మీదికి వస్తాడు. విశాలమైన భుజాలు, శంఖంలాంటి మెడ, ఎర్రజీరల కళ్ళు, గంభీరమైన గొంతు. ఆ పైన మూడేసి, నాలుగేసి చొప్పున అవయవాల లెక్క. పారాయణం చేసేవాళ్ళు గబగబా దాటేసే శ్లోకాలివి. నాకు మాత్రం కాండ మొత్తంలో ఇదే ఎక్కువ ఉత్కంఠ ఉన్న చోటు.

ఎందుకంటే అడుగుతున్నది సీత. సన్యాసి వేషం చూసి ఒకసారి మోసపోయిన మనిషి. అంతకు ముందు సర్గలోనే, నువ్వూ మారువేషంలో వచ్చిన రావణుడివేమో అని హనుమంతుణ్ణి అనుమానించింది. అలాంటామె మళ్ళీ రూపాన్నే సాక్ష్యంగా అడగడమేమిటి? నాకు తోచేదిది: ఆమె ఎదురుగా ఉన్న మొహాన్ని నమ్మలేదు, రాముణ్ణి దగ్గరగా చూసినవాడికి తప్ప తెలియని వివరాల్ని నమ్మింది. ఇక్కడ లక్షణాలు ఆనవాళ్ళు. గుణానికి పూచీకత్తులు కావు.

ఈ తేడా వాల్మీకికి బాగా తెలుసు. లంకలో మండోదరిని చూడగానే ఆమె అందానికి హనుమంతుడు ఈవిడే సీత అనుకున్నాడు. భుజాలు చరుచుకుని, తోక ముద్దు పెట్టుకుని, స్తంభాలెక్కి దూకి నానా అల్లరీ చేశాడు. (ఇంత ముచ్చటైన పొరపాటు ఇంకో కావ్యంలో నేను చూడలేదు.) ఆ వెంటనే ఆలోచన వచ్చింది: రాముడికి దూరమైన సీత ఇలా తాగి, నగలు పెట్టుకుని నిద్రపోతుందా? కళ్ళు చేసిన తప్పుని, మనిషి నడవడిక గురించిన ఊహ దిద్దింది.

ఇక 49వ సర్గ. బందీగా సభలో నిలబడ్డ హనుమంతుడు రావణుణ్ణి చూసి నిర్ఘాంతపోతాడు. ఏం రూపం, ఏం ధైర్యం, ఏం తేజస్సు! అన్ని రాజలక్షణాలూ ఉన్నాయి. అధర్మమే లేకపోతే ఇతను దేవలోకానికి కూడా రక్షకుడయ్యేవాడు అనుకుంటాడు. శాస్త్రం ప్రకారం ఈ ఒంటికి ఆ బుద్ధి ఉండకూడదు. కానీ ఉంది. పొగుడుతున్నది శత్రువే కాబట్టి, మొహమాటపు మాట అని కొట్టిపారెయ్యలేం.

ఈ సర్గ ఒకటుందని క్యాలెండర్ బొమ్మలకి తెలియదు. వాటిలో రావణుడికి గుడ్లురుమే కళ్ళు, మెలితిరిగిన మీసాలు. మన సినిమా మాత్రం, కావాలనో అనుకోకుండానో, వాల్మీకి పక్షాన నిలిచింది. 1961లో 'సీతారామ కల్యాణం'లో ఎన్టీఆర్ రావణుడు. 1963లో 'లవకుశ'లో ఆయనే రాముడు. మొహం ఒకటే, జనం రెంటినీ నమ్మారు.