ఒక వరస, ఎవరి చెవికి వాళ్ళ పాట

జార్జ్ హారిసన్ 'మై స్వీట్ లార్డ్' నేను మొదటిసారి విన్నది కాలేజీ రోజుల్లో, స్నేహితుడి గదిలో, అరిగిపోయిన కాసెట్ మీద. ఏదో ఇంగ్లీషు పాట అనుకుని వింటున్నానా, కోరస్‌లో హరేకృష్ణ నామం, చివర్లో గురువును త్రిమూర్తులతో పోల్చే శ్లోకం! బడిలో రోజూ ప్రార్థనలో చెప్పిందే. ఇక పాటలో మిగతాదేదీ నా చెవికెక్కలేదు.

ఇది సింగిల్‌గా అమెరికాలో 1970 నవంబరులో, బ్రిటన్‌లో 1971 జనవరిలో వచ్చింది. రెండుచోట్లా మొదటి స్థానానికి చేరింది. బీటిల్స్ విడిపోయాక వాళ్ళలో ఒకరి సొంత పాటకి ఆ స్థానం దక్కడం అదే మొదలు. కోరస్ 'హల్లెలూయా'తో మొదలై మెల్లగా 'హరేకృష్ణ'లోకి జారిపోతుంది. రెండూ ఒకటేనని చెప్పడమే తన ఉద్దేశమన్నాడు హారిసన్. గొంతు కలిపిన శ్రోత, తేరుకునేలోపే కృష్ణుణ్ణి పిలుస్తూ ఉంటాడన్నమాట.

కానీ కొందరికి అందులో దేవుడు కాదు, వేరే పాట వినిపించింది: షిఫాన్స్ అనే అమ్మాయిల బృందం పాడగా 1963లో హిట్టయిన 'హీ ఈజ్ సో ఫైన్'. అది రాసిన రానీ మ్యాక్ ఆ ఏడాదే చనిపోయాడు. హక్కులున్న కంపెనీ 1971లో దావా వేసింది. 1976లో తీర్పు చెప్పిన న్యూయార్క్ జడ్జి రిచర్డ్ ఓవెన్ స్వయంగా ఒపెరాలు కూర్చినవాడు. హారిసన్ కావాలని కాపీ కొట్టలేదు, మనసు అడుగున దాగిన పాట తెలియకుండానే పైకి తేలింది, అయినా అది ఉల్లంఘనే అన్నాడాయన.

మా ఊరి భజన బృందం సినిమా పాటల వరసల్లోనే రాముడి పాటలు కట్టుకునేది. ఎవరూ కోర్టుకెక్కలేదు. అక్కడ అమ్మకం లేదు కదా. భజన సింగిల్‌గా మారి డబ్బు తెచ్చేసరికి వరసకు సొంతదారు అవసరమయ్యాడు. అందుకే చాన్నాళ్ళు నేను హారిసన్ పక్షమే. ఇప్పుడంత గట్టిగా అనలేను. చిన్న వయసులో పోయినవాడి వరసని 'అందరిదీ' అనెయ్యడం తేలికే, పోగొట్టుకున్నది మనం కాదు గనక.

హారిసన్ చనిపోయాక 2002 జనవరిలో ఈ సింగిల్ మళ్ళీ విడుదలై, బ్రిటన్‌లో మళ్ళీ మొదటి స్థానానికి వెళ్ళింది. ఆ మధ్య రెండు పాటలూ పక్కపక్కన పెట్టి విన్నాను. జడ్జి చెప్పింది నిజమే, పోలిక దాగదు. ఇన్నేళ్ళూ అది నాకెందుకు వినపడలేదంటే, నేనూ నాకు ముందే తెలిసినదాన్నే వింటున్నాను మరి.