మరుగున పడ్డ ఒక యుద్ధకాలపు పాట

రోలింగ్ స్టోన్స్ పేరెత్తగానే రాక్ సంగీత విమర్శకులు చాలామంది 1968 నాటి 'స్ట్రీట్ ఫైటింగ్ మ్యాన్' దగ్గర ఆగిపోతారు. తర్వాతి కాలమంతా పాత పేరు మీద సాగిన వ్యాపారమేనని వారి తీర్పు. ఈ తీర్పు చాలావరకు నిజమే. కాని దాని కింద నలిగిపోయిన పాట ఒకటుంది. అది 1991 మార్చిలో విడుదలైన 'హైవైర్'. దాన్ని తిరిగి అంచనా వేయవలసి ఉందని నా అభిప్రాయం.

ముందు చారిత్రక నేపథ్యం చూద్దాం. 1980 నుంచి 1988 దాకా ఇరాన్‌తో పోరాడిన ఇరాక్‌కు ఆయుధాలు అమ్మిన దేశాల్లో సోవియట్ యూనియన్, ఫ్రాన్స్ ముందున్నాయి. బ్రిటిష్ కంపెనీలు యంత్రసామగ్రి అందించాయి. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. 1991 జనవరి 17న అమెరికా నాయకత్వంలో బాంబుదాడులు మొదలయ్యాయి. ఫిబ్రవరి 28న యుద్ధం ఆగింది. అంటే, ఈ పాట విజయోత్సవాల హోరులో బయటికొచ్చింది. పైగా దాన్ని 'ఫ్లాష్‌పాయింట్' అనే కచేరీ ఆల్బమ్‌లో పాత పాటల చివర చేర్చారు. మరుగున పడిందంటే ఆశ్చర్యమేముంది?

ఈ పాటలోని అసలు బలం గొంతులో ఉంది. ఆయుధాలు అరువిచ్చి చమురు పుచ్చుకొనే వ్యాపారి మాటలతో అది మొదలవుతుంది. ఆ వ్యాపారి 'వాళ్లు' కాదు, 'మేము'. శత్రువును తిట్టడం యుద్ధకాలంలో ఎవరైనా చేసే పని. తన దేశాన్ని కూడా అమ్మకందార్ల వరసలో నిలబెట్టడం కొద్దిమందే చేస్తారు. యుద్ధానికి వెళ్లేది మాత్రం ఆ వ్యాపారి పంపిన సైనికుడు.

చరిత్ర ఈ పాటను సమర్థించింది. బ్రిటిష్ ప్రభుత్వం 1988 డిసెంబరులో ఎగుమతి నిబంధనలను పార్లమెంటుకు చెప్పకుండానే సడలించిందని 1996లో స్కాట్ నివేదిక బయటపెట్టింది.

లోపాలు లేవా? ఉన్నాయి. బాంబుల కింద చచ్చిన ఇరాకీ ప్రజ ఈ పాటలో కనబడదు. పాశ్చాత్య సైనికుడి మీద ఉన్న జాలి వారిదాకా సాగలేదు. పొట్టచేత పట్టుకుని ఎడారికి వెళ్లిన వలస కూలీ అసలే లేడు. 1990లో కువైట్ నుంచి లక్షకు పైగా భారతీయులు తిరిగొచ్చారు. వారిలో మా కడప జిల్లావాళ్లూ ఉన్నారు. జోర్డాన్ దాకా రోడ్డున వచ్చి, విమానమెక్కి, వట్టిచేతులతో ఇల్లు చేరిన మనుషులను చిన్నతనంలో మా వీధిలో చూశాను. పాటను చాలా ఆలస్యంగా విన్నాను. విన్నప్పుడు వాళ్లే గుర్తొచ్చారు.

1989 నాటి అమెరికా యాత్రకు బీరు కంపెనీ సొమ్ము తీసుకున్న బృందమే ఈ పాట పాడింది. ఈ వైరుధ్యాన్ని దాచనక్కరలేదు. కళాకారుడి జీవితం అతని వర్గాన్ని దాటకపోయినా, ఒక్కోసారి అతని పాట దాటుతుంది. విమర్శకుడు రెండింటినీ చూడాలి. మొదటిదాన్ని చూసి రెండోదాన్ని పారేస్తే నష్టపోయేది మనమే.