కాలిన పార్టు ఎవరి చేతిలో: ఉదయగిరి, ఆత్మకూరు మెట్టలో టీవీ రిపేరు చరిత్ర

ఉదయగిరి చరిత్ర అనంగానే అందరూ దుర్గం ఎక్కుతారు. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి కోట పట్టుకున్న కాడ మొదలుపెట్టి నవాబుల కాడ ఆగుతారు. కొండ కిందికి దిగి, బస్టాండు పక్కన ఇరుకు గదిలో సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని కూచున్న మనిషిని చరిత్రలో లెక్కేసినవాళ్లు మాకు కనపడలేదు. టీవీ గురించి రాసినవాళ్లూ అంతే. 1959లో ఢిల్లీలో ప్రయోగాత్మక ప్రసారం, 1975-76లో ఉపగ్రహం ద్వారా మన రాష్ట్రంతో కలిపి ఆరు రాష్ట్రాల్లో 2400 గ్రామాలకు చూపించిన 'సైట్' ప్రయోగం, 1982 ఏషియాడ్‌తో వొచ్చిన రంగులు, 1987లో మొదలైన రామాయణం సీరియల్. ఎవరు చూపించారు, ఎవరు చూశారు అనే రెండు ప్రశ్నల చుట్టూనే ఆ రాతలన్నీ తిరిగినై. చెడిపోతే ఎవరు బాగుచేశారు అనేది మూడో ప్రశ్న. ఆ ప్రశ్న మాది.

బాగుచెయ్యడం మనకి కొత్త కాదు. మెట్టలో బావి వ్యవసాయం కపిల మీద నడిచినన్నాళ్లూ కపిల బానకి తోలు తొండం కుట్టిందీ, చిరిగితే అతుకేసిందీ మాదిగ చేతులే. తోలు పట్టుకుని చూసి ఎక్కడ పుచ్చింది, నీళ్లు ఎక్కడ కారతాయి, ఇంకెన్నాళ్లు ఆగుతుంది అని చెప్పగలగడం చిన్న విషయం కాదు. కానీ దానికి విద్య అనే పేరు రాలేదు, ధర అనేదీ రాలేదు. కళ్లంలో కొలిచిన మేరే కూలి. ఎంత కొలిస్తే అంత. పిలిచినప్పుడు పోవాల, ఇంత కావాలని అడగకూడదు. తర్వాత ఆయిలింజన్లు, కరెంటు మోటార్లు వొచ్చి కపిల పోయింది, దానెంట మేరా పోయింది. అది నష్టమని బాధపడేవాళ్లు మన పెద్దల్లో ఇప్పటికీ వున్నారు. మేర పోవడం మంచిదే అంటాం మేము. బదులుగా చేతికి ఏమీ రాకపోవడమే అన్యాయం.

ప్రభుత్వం ఏమిచ్చింది అంటే లెక్కకి చాలానే కనపడతాయి. ఎస్సీ కార్పొరేషన్ 1974లో వొచ్చింది. గ్రామీణ యువతకి శిక్షణ ఇచ్చే ట్రైసెం పథకం 1979 ఆగస్టు 15న మొదలై, 1999 ఏప్రిల్‌లో మరో పథకంలో కలిసిపోయింది. ఐటీఐల్లో రేడియో, టీవీ మెకానిక్ కోర్సు వుండేది. బర్రెలూ కుట్టుమిషన్లూ పంచిన లోన్ల మధ్య ఈ కోర్సుల విలువ వేరు. ఎందుకంటే టీవీ రిపేరు ఏ కులానికీ వారసత్వం కాదు. మనువుకి దాని సంగతే తెలీదు. కులం పనిని పంచడం కాదు, పనిచేసే మనుషుల్ని మెట్లుమెట్లుగా విడగొట్టడమని అంబేద్కర్ 1936లోనే వాదించారు. ఇక్కడ ఇంకా మెట్టు ఖరారు కాని పని వొకటి బయటికొచ్చింది. పల్లెలో పదో తరగతి దాకా వొచ్చి ఆగిపోయిన కుర్రాళ్లు అందులో చొరబడ్డారు.

చొరబడ్డం కూడా నేరుగా కాదు. మొదట ఆంటెన్నా. మద్రాసు కేంద్రం 1975లో, హైదరాబాదు కేంద్రం 1977లో మొదలైనై. వెలిగొండల నీడన వున్న ఈ తాలూకాలకి రెండూ దూరమే. పొడుగాటి ఇనప పైపు మీద ఆంటెన్నా, దానికి బూస్టరు, దాన్ని తిప్పడానికి మిద్దె ఎక్కే మనిషి కావాల. "వొచ్చిందా?" అని పైనుంచి అరిచేది మనోడు, "పోయింది, ఇంకొంచెం తిప్పు" అని హాల్లోంచి అరిచేది ఇంటాయన. మిద్దె మీదికి బయటి మెట్లున్నాయి కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేకపోయింది. 1984లో దేశమంతా తక్కువ శక్తి ట్రాన్స్‌మిటర్లు వరసగా పెట్టాక సెట్లు పెరిగినై. సెట్లు పెరిగినాక చెడిపోవడం పెరిగింది. అప్పుడు మిద్దె మీద మనిషి కిందికి, హాల్లోకి రావాల్సిన అవసరం పడింది.

ఈ మెట్టలో సెట్లు ఎందుకంత చెడిపోయేవో చెప్పాల. 230 వోల్టులని కాగితం మీద వుండేది. పొలాల్లో మోటార్లన్నీ వొకేసారి ఆడితే కరెంటు కుంగేది, వొక్కసారిగా ఆగితే ఎగిరేది. ఆ ఎగుడుదిగుళ్లు ముందు తినేది పవర్ సప్లై, తర్వాత లైన్ సెక్షన్. తెర మీద గీతని సెకండుకి 15,625 సార్లు అడ్డంగా లాగే సెక్షన్ అది. పిక్చర్ ట్యూబుకి కావాల్సిన వేల వోల్టుల ఈహెచ్‌టీ తయారయ్యేదీ అక్కడే. బల్లి దూరి చచ్చేది కూడా ఆ పక్కనే, వెచ్చగా వుంటది గనక.

మంచి మెకానిక్ మూత విప్పకముందే సగం చదివేస్తాడు. తెర మధ్యలో అడ్డంగా వొకే తెల్లగీత మిగిలిందంటే వర్టికల్ సెక్షన్ ఆగింది. శబ్దం వుండి తెర చీకటైతే లైన్ సెక్షన్ వైపో, ట్యూబు వైపో చూడాల. సన్నటి ఈల వినపడ్డం లేదంటే లైన్ ఆడటం లేదు. బొమ్మ పక్కలనుంచి కుంచించుకుపోతే సప్లై తగ్గింది. నల్లటి పట్టీ పైకీ కిందికీ పాకుతా బొమ్మ అంచులు వంకరపోతే ఫిల్టర్ కెపాసిటర్ ఎండిపోయింది. సెట్టుని నేరుగా కరెంటుకి తగిలించరు. మధ్యలో 100 వాట్ల బల్బు సీరీస్‌లో పెడతారు. బల్బు భగ్గున వెలిగి అట్నే వుంటే లోపల షార్టు. పెద్ద కెపాసిటర్లో నిలవున్న కరెంటు దించకుండా చెయ్యి పెడితే మనిషినే విసిరికొడతది.

ఆ తర్వాత మీటరు. డయోడుకి వొకవైపు ముల్లు కదలాల, తిప్పి పెడితే కదలకూడదు. రెండువైపులా కదిలితే షార్టు, ఎటూ కదలకపోతే ఓపెన్. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌కి ముల్లు ఎగిరి మెల్లగా వెనక్కి రావాల. ఎగరకపోతే ఎండిపోయింది, ఎగిరి అక్కడే వుండిపోతే షార్టు. రంగు సెట్లలో బీయూ 208 ట్రాన్సిస్టర్ పోవడం నిత్యకృత్యం. దాని వొంటికీ ఎమిటర్‌కీ మధ్య రెండువైపులా ముల్లు పడిపోతే అది అయిపోయినట్టే. బోర్డు మీద వుండగా కొలిస్తే పక్క పార్టులు అబద్ధం చెప్పిస్తాయి. అందుకే వొక కాలు లేపి చూడాల. కాలిపోయిన రెసిస్టర్ మీద రంగు పట్టీలు కూడా మాడిపోతాయి. ఆ రంగుల అంకెలు గుర్తుండటానికి దేశమంతా నేర్పే 'బీబీ రాయ్ ఆఫ్ గ్రేట్ బ్రిటన్' ఇంగ్లీషు వాక్యం మనోళ్లూ బట్టీ పట్టారు. దాని అర్థంతో పనిలేదు, నలుపు సున్నా, గోధుమ వొకటి అనేదే కావాల్సింది.

అసలు కష్టం ఇంకో చోట వుంది. కాలిన పార్టు కంటికి కనపడతది, కాల్చిన పార్టు కనపడదు. బీయూ 208 మార్చంగానే సెట్టు ఆడతది. దాని పక్కనున్న చిన్న ట్యూనింగ్ కెపాసిటర్ విలువ తప్పినా, దాని కాలు దగ్గర సోల్డర్ వెంట్రుకంత చీలినా కొత్తదీ పోతది. చీలిక చూడ్డానికి వెలుతురుకి బోర్డు వంచి, పిడికర్రతో మెల్లగా తట్టతా పోవాల. ఇది పుస్తకంలో రాదు. తోలు మీద వేలు పెట్టి పుచ్చు కనిపెట్టిన చూపుకి ఇది దగ్గర చుట్టమని మేమంటే, రొమాంటిసైజ్ చేస్తున్నారని మా మిత్రులే విసుక్కున్నారు. రక్తంలో వొచ్చిందని మేము అనడం లేదు. రెండింటికీ కావాల్సింది వోపికా, వేలూ. వొకదానికి మేర కొలిచారు, రెండోదానికి బిల్లు రాశారు. తేడా అక్కడుంది.

ఆ బిల్లు కాడే కులం మళ్లీ లేచింది. "మంచి పార్టు పీకేసి పాతది తగిలించావు" అనే మాట టీవీ మెకానిక్కులందరూ పడ్డారు, ఏ కులం వాడైనా. కానీ ఊళ్లో దొంగతనం జరిగితే ముందు వాడ వైపు చూసే చోట, ఆ మాట వాడ మనిషి మీద పడితే అది బేరం మాట కాదు. అందుకే మనోళ్లలో వొక పద్ధతి స్థిరపడింది. సెట్టుగలాయన ఎదురుగానే పార్టు విప్పడం, మీటరు ఆయన వైపు తిప్పి ముల్లు చూపించడం, పోయిన పార్టుని కాగితంలో చుట్టి చేతిలో పెట్టడం. సాక్ష్యం చెప్పడానికి మన నోరు చాలని చోట ముల్లుతో చెప్పించారు. దీన్ని నిజాయితీకి నిదర్శనమని మెచ్చుకునేవాళ్లున్నారు. మాకది అనుమానం కింద బతికినవాళ్లు కట్టిన పన్నులా కనపడతది. పక్క షాపాయన అదే పని ఏ కాగితం చుట్టకుండా చేశాడు గదా!

హాల్లోకి పిలిచినవాళ్లు గ్లాసు విషయంలో ఏం చేశారనేది ఊరూరికీ వేరు. బరువైన సెట్టుని ఎడ్లబండి మీదో ఆటోలోనో షాపుకే తెచ్చుకోమని చెప్పిన మెకానిక్కులు వున్నారు. ఇంట్లో ఫాల్టు దొరకదు, టేబులు మీదే దొరకతది అనేది వాళ్ల కారణం. అది నిజమే. దాని వెనక ఇంకో నిజమూ వుందని విడమరిచి చెప్పాల్సిన పనిలేదు.

1985 జూలై 17న కారంచేడు, 1991 ఆగస్టు 6న చుండూరు జరిగినై. ఆ ఏళ్లలో ఆసామి కూలి మీద ఆధారపడని చోటు పల్లెకి ఎంత కొరతో అప్పటివాళ్లకి తెలుసు. అద్దెకి తీసుకున్న ఆ ఇరుకు గదుల్లో పేపరు చదివారు, కరపత్రాలు పెట్టారు. మిషన్లు ఆడకపోయినా నలుగురు మనుషులు కూచునేవాళ్లు.

తర్వాతి కథ తొందరగా నడిచింది. 1995లో ఈటీవీ వొచ్చి, కేబులు వూళ్లకి పాకి, మూల ఇళ్లల్లోకీ సెట్లు చేరినై. వాడలో కూడా పని దొరికింది, వాడలో గ్లాసు గొడవ లేదు. పదిహేను, ఇరవై ఏళ్ల తర్వాత పల్చటి ప్యానెల్ సెట్లు వొచ్చాయి. పార్టు వెతకడం తగ్గింది, బోర్డుకి బోర్డు మార్చడమే ఎక్కువైంది. ప్యానెల్ పోతే కొత్త సెట్టే నయం. మద్రాసు రిచీ స్ట్రీట్లో ఏరుకొచ్చిన ట్రాన్సిస్టర్లు, పాత బోర్డుల మీంచి పీకి డబ్బాల్లో దాచిన కెపాసిటర్లు వుండిపోయినై. వాటితోపాటు నోటుబుక్కులూ వుండిపోయినై: ఏ కంపెనీ సెట్టు, ఏ ఫాల్టు, ఏ పార్టు మారిస్తే పోయింది, డబ్బు ఎంత, ఎంత బాకీ. డయనోరా, సాలిడేర్, ఈసీటీవీ పేర్లు వరసగా వుంటాయి, సెట్టుగలాయన పేరు పక్కన ఊరి పేరు వుంటది. బాకీ గడి మాత్రం చాలా పేజీల్లో కొట్టెయ్యకుండా అట్నే వుంది.