యాడికి పోయిన జీపు

ఇట్రా నాయనా, మంట దగ్గరికి జరిగి కూర్చో. ఆ కందికంప ఇంకో పిడికెడు లోపలికి తోయ్. సెనక్కాయలు కాలేలోపల నీకొక ముచ్చట చెప్తా. పొద్దున నువ్వు ఆ పాత జీపు వాకిట్లోకి తెస్తాంటే చూస్తి. గుంత దాటినాక గూడా అది నాలుగుసార్లు తలకాయ ఊపె, గంగిరెద్దు మాదిరి. దాని కమాన్లకు ఇంకో రెండు పట్టీలేసి ఎత్తు పెంచాలని ఫోన్లో ఎవరితోనో అంటాంటివి. ముసలోనికి వినపడలేదనుకుంటివా? మందగించింది కండ్లే గాని చెవులు కాదు.

1985, 86 ఆ ప్రాంతం. డీజిలు లీటరు నాలుగు రూపాయల లోపే. అర్ధరూపాయిస్తే గ్లాసు నిండా టీ. మీ అవ్వ తమ్ముడు తాడిపత్రి నుంచి యాడికి ఊరికి జీపు తోల్తాండె. అప్పట్లో జీపుకు టైమని ఏమీ లేదు, నిండితే కదిలేది. నిండడమంటే ఏమి? కంపెనీ వాళ్లు లెక్కేసిన దానికి రెండింతల మంది ఎక్కినాక గూడా "ఇంకొకరికి సందుండాది రాండి" అని అరుస్తాండె. ముందు సీటు పెద్దోళ్లకు, చంటిబిడ్డ తల్లులకు. అది ఎవరూ రాయని చట్టం. డ్రైవరుకు సగం సీటే, మిగతా సగం గాల్లో. ఎవరన్నా "యాడికిప్పా?" అంటే "యాడికే" అంటాండె. కొత్తోళ్లు ఎగతాళి చేస్తాండాడని కొట్లాటకొచ్చేవాళ్లు. వానికదొక సంబరం.

మహీంద్రా వాళ్లు ఎప్పుడో మొదటి 75 జీపుల్ని అమెరికా నుంచి విడిభాగాలుగా తెప్పించి బొంబాయిలో బిగించినారంట. వీని బండిని చూస్తే ఆ 75లో ఇదొకటేమో అనిపించేది. పైన మాత్రం ఎర్రరంగు, అద్దం మీద వెంకటరమణస్వామి, కొసన నల్లదారం. పైన పటారం, లోన లొటారం.

ఏమి చెప్తాంటి? ఆ, కమాన్లు. మన గనుల దారి నీకు తెలుసు గదా, ఎక్కడ చూసినా నాపరాయి చిప్పలే. ఆ దెబ్బకు షాకప్సర్లు కారి, బుగ్గ రామలింగేశ్వరుని కాడ నీళ్లూరినట్ల ఆయిలు ఊరతాండె. స్టీరింగు ఒకదిక్కు తిప్పితే బండి ఇంకో దిక్కు ఆలోచించేది. బండిని మేస్త్రి కాడికి తీసుకపోతే, ఆయన బంపరు మీద మోకాలు పెట్టి అదిమి వదిలె. మంచి షాకైతే బండి ఒక్కసారి లేచి నిలబడాల. ఇది ఊగతానే ఉండె.

"షాకులు పోయినాయి, షాకిల్ బుష్షులు అరిగినాయి. అన్నీ జతలుగా మార్చాల" అనె మేస్త్రి. జత అనేసరికి మా బామ్మర్దికి కడుపులో మంట. "అవన్నీ ఎందుకప్పా, లారీ పట్టీ ఒకటి నడుమ దూర్చు, బరువు బాగా మోస్తాది" అనె. మేస్త్రి శానా చెప్పి చూసె. "చింతల వెంకటరమణస్వామి గుళ్లో గరుత్మంతుని రాతిరథం చూసినావు గదా? దానికి కమాన్లు లేవు. కదలదు గనక సరిపోయె. కదిలే బండికి కొంచెం వంగే గుణముండాల" అనె. వినేవాడైతే మీ అవ్వ తమ్ముడెందుకైతాడు! ఆ మాట లోపల ఆమెకు చెప్పద్దు, రేపు నాకు సంగటి పడదు.

సరే, పట్టీ దూర్చె మేస్త్రి. "పదిరోజులకు రా, యూ బోల్టులు మళ్లా బిగించాల. కొత్త పట్టీ అణిగేకొద్దీ అవి వదులైతాయి" అని మరీమరీ చెప్పె. పోతే టీ ఖర్చంట, పోలేదు.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అట్లయ్యె. బండి కట్టెమాదిరి బిగుసుకపోయె. ప్రతి గుంతా జనాల నడుముకు తెలిసేది. ముసలోళ్లు జీపు దిగి కొంచేపు వంగే నడిచేవాళ్లు. మూడో వారం పెళ్లి బాడుగ తగిలె. పెళ్లికొడుకు, బాసికాలు, ముంతలు, సన్నాయోళ్లు, పద్దెనిమిది మంది. యాడికి ఇంకో మూడు మైళ్లుందనగా ఠప్పుమనె. యూ బోల్టులు వదులై, పట్టీలు ఒకదాని మీద ఒకటి జారి, సెంటరు బోల్టు తెగిపోయె. ఎనక ఇరుసు ఒక పక్క వెనక్కి జరిగె. బండి ఎండ్రకాయ మాదిరి అడ్డంగా నడిచి చింతచెట్టు కింద నిలిచిపోయె. ఎవరికీ దెబ్బ తగల్లేదు, స్వామి దయ. పెళ్లికొడుకు మాత్రం పట్టుపంచె ఎగ్గట్టి, చెప్పులు చేతబట్టి నడిచె. ముహూర్తానికి అందుకున్యాడులే. ఎదురొచ్చినోడు "యాడికి?" అంటే ఆ దినం నవ్వినోడు లేడు.

సాయంత్రానికి మేస్త్రి బస్సులో వచ్చె. ఒక్కమాట గూడా దెప్పలేదు. అదీ అప్పటి మర్యాద. లారీ పట్టీ పీకి పక్కన పడేసె. కొత్త సెంటరు బోల్టు, బుష్షులు, నాలుగు షాకులు వేసె. బుష్షుల బోల్టులు మాత్రం జాకీ మీద ఉన్నప్పుడు పూర్తిగా బిగించలేదు. బండి నాలుగు చక్రాల మీద కూర్చున్నాకనే బిగించె. గాల్లో బిగిస్తే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతాదంట. మొదట మిగిలించుకున్న దుడ్డుకు మూడింతలు ఖర్చయ్యె, పెళ్లోళ్లకు బాడుగ వాపసు గాక.

ఇదో, సెనక్కాయలు కాలినాయి, తీసుకో, చెయ్యి కాల్చుకోవద్దు. రేపు మేస్త్రి కాడికి పోతే ఎత్తు సంగతి తర్వాత అడుగు. ముందు షాకులు జతగా మార్పించు, బుష్షులు చూపించు. పదిరోజులకు మళ్లా రమ్మంటే, టీ ఖర్చుకు చూసుకోకుండా పో.