ఐ.ఎన్.ఎస్. చక్ర

ఐ.ఎన్.ఎస్. చక్ర అనేది భారత నౌకాదళం మొదట సోవియట్ యూనియన్ నుండి, తరువాత రష్యా నుండి లీజుకు తీసుకొన్న రెండు అణు జలాంతర్గాములకు వేర్వేరు కాలాలలో పెట్టిన పేరు. మొదటిది 1988 నుండి 1991 వరకు, రెండవది 2012 నుండి 2021 వరకు విశాఖపట్నం స్థావరంగా పనిచేశాయి. రెండు సందర్భాలలోనూ జలాంతర్గామి యాజమాన్యం ఒక దేశానిది, దాని మీద ఎగిరిన పతాకం మరొక దేశానిది. కాబట్టి జలాంతర్గామికి ఆజ్ఞ ఇచ్చేదెవరు, రియాక్టరు మీద అధికారం ఎవరిది, ఏ ఆయుధాలు ఉండవచ్చు, యుద్ధం వస్తే ఏమి చేయాలి అనే ప్రశ్నలు ఈ ఒప్పందాలలో ముఖ్యమయ్యాయి. విష్ణుమూర్తి ఆయుధమైన చక్రం పేరు వీటికి పెట్టారు.

అణు జలాంతర్గామి అంటే అణు రియాక్టరుతో నడిచే జలాంతర్గామి అని అర్థం. దానిలో అణ్వస్త్రాలు తప్పక ఉండాలని లేదు. చక్ర పేరు గల రెండు జలాంతర్గాములూ అణ్వస్త్రాలు లేకుండానే భారతదేశానికి వచ్చాయి.

నేపథ్యం

భారత నౌకాదళపు మొదటి జలాంతర్గామి ఐ.ఎన్.ఎస్. కల్వరి 1967 డిసెంబరు 8న సోవియట్ యూనియన్‌లో నౌకాదళంలో చేరింది. అప్పటి నుండి తూర్పు తీరంలో విశాఖపట్నం జలాంతర్గాములకు ప్రధాన కేంద్రంగా ఎదిగింది. జలాంతర్గాముల స్థావరమైన ఐ.ఎన్.ఎస్. వీరబాహు, నావికులకు శిక్షణ ఇచ్చే ఐ.ఎన్.ఎస్. శాతవాహన ఇక్కడే ఉన్నాయి. డీజిలు ఇంజన్లతో నడిచే జలాంతర్గామి తన బ్యాటరీలను నింపుకొనడానికి తరచు నీటిపైభాగానికి రావలసి ఉంటుంది. ఆ సమయంలో శత్రువు దానిని సులభంగా కనిపెట్టగలడు. అణు రియాక్టరు ఉన్న జలాంతర్గామికి ఈ అవసరం లేదు. ఆహారం, సిబ్బంది ఓర్పు మాత్రమే దానికి హద్దులు.

1971 యుద్ధం ఈ తేడాను భారతదేశానికి తెలియజెప్పింది. ఆ సంవత్సరం డిసెంబరు 3-4 తేదీల మధ్య రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖపట్నం తీరం వద్ద మునిగిపోయింది. అదే నెలలో అమెరికా విమానవాహక నౌక ఎంటర్‌ప్రైజ్ నాయకత్వాన ఒక నౌకాబృందం బంగాళాఖాతంలోకి వచ్చింది. అటువంటి నౌకాబృందాన్ని దూరంగా నిలువరించగల సాధనం ఆనాడు భారతదేశం వద్ద లేదు. అణు జలాంతర్గామి కావాలన్న ఆలోచనకు ఈ సంఘటన బలం చేకూర్చింది. స్వదేశీ ప్రయత్నం నెమ్మదిగా సాగడం వలన, ముందుగా ఒక జలాంతర్గామిని లీజుకు తీసుకొని సిబ్బందికి అనుభవం కలిగించాలని ప్రభుత్వం నిర్ణయించింది.

విదేశీ స్థావరమా, స్వదేశీ నౌకయా

భారతదేశం అలీన విధానాన్ని పాటిస్తూ, హిందూ మహాసముద్రంలో విదేశీ సైనిక స్థావరాలను వ్యతిరేకిస్తూ వచ్చింది. హిందూ మహాసముద్రాన్ని శాంతి మండలంగా ప్రకటిస్తూ ఐక్యరాజ్య సమితి సాధారణ సభ 1971 డిసెంబరులో తీర్మానం చేసింది. డియెగో గార్సియా ద్వీపంలోని అమెరికా స్థావరానికి భారతదేశం తెలిపిన అభ్యంతరాలకు కూడా ఇదే ఆధారం. 1971 ఆగస్టు 9న సోవియట్ యూనియన్‌తో కుదిరిన శాంతి, మైత్రి, సహకార ఒప్పందం రెండు దేశాలను సన్నిహితం చేసినప్పటికీ, అది సోవియట్ నౌకాదళానికి భారతదేశంలో స్థావరం ఇవ్వలేదు.

ఈ స్థితిలో సోవియట్ పతాకంతో ఒక అణు జలాంతర్గామి విశాఖపట్నంలో నిలిచి ఉంటే, భారతదేశం ఇతరులకు చెప్పిన మాటనే తాను తప్పినట్లయ్యేది. అందువలన జలాంతర్గామి భారత నౌకాదళంలో చేరాలి, భారత అధికారి దానికి సారథ్యం వహించాలి, భారత పతాకం దానిపై ఎగరాలి అన్నవి భారతదేశానికి వదులుకోలేని షరతులు. సోవియట్ పక్షానికి వేరే చింతలు ఉండేవి. రియాక్టరు రహస్యాలు బయటకు పోరాదు, ఇంధనం తిరిగి రావాలి, అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందాన్ని ఉల్లంఘించారన్న నింద రాకూడదు. ఈ రెండు వైపుల అవసరాలను ఒకచోటికి తెచ్చిన ఏర్పాటే లీజు. అమ్మకం కాకపోవడం వలన యాజమాన్యం సోవియట్ యూనియన్ వద్దనే ఉండిపోయింది. స్థావరం కాకపోవడం వలన భారతదేశపు విధానానికి భంగం కలగలేదు.

మొదటి చక్ర (1988-1991)

మొదటి చక్ర సోవియట్ నౌకాదళంలో కె-43 అనే పేరుతో 1967లో చేరిన జలాంతర్గామి. ఇది ప్రాజెక్టు 670 తరగతికి చెందినది. పాశ్చాత్య దేశాలు ఈ తరగతిని చార్లీ అని పిలిచేవి. దీని పొడవు సుమారు 94 మీటర్లు. నౌకలపై ప్రయోగించే 8 క్షిపణులను మోయగలదు.

భారత సిబ్బంది సోవియట్ యూనియన్‌లో దీర్ఘకాల శిక్షణ పొందారు. 1988 జనవరి 5న జలాంతర్గామి భారత నౌకాదళంలో చేరింది. ఆ సంవత్సరం ఫిబ్రవరి 3న విశాఖపట్నం చేరినపుడు ప్రధానమంత్రి రాజీవ్ గాంధీ దానికి స్వాగతం పలికారు. దీని మొదటి సారథి కెప్టెన్ ఆర్.ఎన్. గణేశ్. ఆయన తరువాతి కాలంలో వైస్ అడ్మిరల్ అయ్యి, స్వదేశీ అణు జలాంతర్గామి పథకానికి నాయకత్వం వహించారు.

మూడు సంవత్సరాల లీజు ముగిసిన తరువాత 1991 జనవరిలో జలాంతర్గామి తిరిగి వెళ్ళిపోయింది. అదే సంవత్సరం చివరికి సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైంది.

నియంత్రణలోని అంశాలు

ఇటువంటి జలాంతర్గామిపై నియంత్రణ అన్నది ఒక్క అధికారం కాదు. దానిని ఈ క్రింది విధంగా విభజించి చూడవచ్చు.

సారథ్యం: జలాంతర్గామి ఎక్కడికి వెళ్ళాలి, ఎప్పుడు రేవు విడవాలి అన్న ఆజ్ఞలు భారత నౌకాదళానివే. అంతర్జాతీయ న్యాయం ప్రకారం యుద్ధనౌక చర్యలకు దాని పతాకపు దేశమే బాధ్యత వహిస్తుంది.

రియాక్టరు: మొదటి చక్రలో సోవియట్ నిపుణులు కూడా ఉండేవారు. వారు భారత సిబ్బందిని రియాక్టరు విభాగంలోకి, క్షిపణుల విభాగంలోకి రానివ్వలేదని కొన్ని రచనలలో కనిపిస్తుంది. రియాక్టరు నిర్వహణలో భారతీయులు పూర్తి శిక్షణ పొంది, స్వయంగా దానిని నడిపారని ఆ జలాంతర్గామిపై పనిచేసిన అధికారులు చెప్పారు. ఇక్కడి అభిప్రాయభేదం చిన్నది కాదు. సారథి ఆజ్ఞ ఇచ్చినా రియాక్టరు వద్ద కూర్చున్నవాడు వేరొక దేశానికి జవాబుదారీ అయితే, ఆ ఆజ్ఞకు విలువ సగమే.

ఆయుధాలు: అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం అణ్వాయుధాల బదిలీని నిషేధిస్తుంది. నౌకలను నడిపే రియాక్టరును ఆయుధంగా పరిగణించదు. భారతదేశం ఈ ఒప్పందంపై సంతకం చేయలేదు కానీ సోవియట్ యూనియన్ చేసింది. కనుక జలాంతర్గామిని సాధారణ ఆయుధాలతోనే ఇవ్వడం దానికి తప్పనిసరి.

యుద్ధకాలపు వినియోగం: లీజుకు తీసుకొన్న జలాంతర్గామిని యుద్ధంలో వాడడంపై ఆంక్షలు ఉన్నాయని రెండవ చక్ర విషయంలో పత్రికలు వ్రాశాయి. ఒప్పందాల పూర్తి పాఠాలను రెండు ప్రభుత్వాలూ బహిరంగపరచలేదు. ఆంక్ష కాగితం మీద ఉన్నా లేకున్నా, విడిభాగాలకు, మరమ్మతులకు యజమాని దేశంపై ఆధారపడడమే ఒక హద్దు.

రేవు భద్రత: జలాంతర్గామి నిలిచేది జనం నిండిన నగరం పక్కన. అందుకని విశాఖపట్నంలో ప్రత్యేకమైన రేవు సౌకర్యాలు, రేడియోధార్మికతను పర్యవేక్షించే ఏర్పాట్లు చేయవలసి వచ్చింది. ప్రమాదం జరిగితే నష్టపోయేది ఇక్కడి ప్రజలు కాబట్టి ఈ బాధ్యతను యజమాని దేశానికి వదిలివేయడం వీలుకాదు.

రెండవ చక్ర (2012-2021)

రెండవ చక్ర ప్రాజెక్టు 971 తరగతికి చెందినది. ఈ తరగతి అకులా అనే పేరుతో ప్రసిద్ధి. దీని రష్యన్ పేరు నెర్పా. దూరప్రాచ్యంలోని కొమ్సొమోల్స్క్-నా-అమూరె నౌకానిర్మాణ కేంద్రంలో 1990లలో మొదలైన దీని నిర్మాణం నిధులు లేక ఆగిపోయింది. 2004లో భారత్, రష్యాల మధ్య కుదిరిన ఏర్పాటుతో పని తిరిగి సాగింది.

2008 నవంబరు 8న సముద్ర పరీక్షల సమయంలో మంటలార్పే వ్యవస్థ నుండి విషవాయువు వెలువడి 20 మంది మరణించారు. వారిలో అధిక సంఖ్యాకులు నౌకానిర్మాణ కార్మికులు, సాంకేతిక సిబ్బంది. రియాక్టరుకు ప్రమాదం జరగలేదు. ఈ దుర్ఘటన వలన అప్పగింత ఆలస్యమైంది. చివరకు 2012 జనవరి 23న రష్యా తీరంలోని బోల్షోయ్ కామెన్ వద్ద జలాంతర్గామిని భారత నౌకాదళానికి అప్పగించారు. 2012 ఏప్రిల్ 4న విశాఖపట్నంలో రక్షణ మంత్రి ఎ.కె. ఆంటోనీ దీనిని లాంఛనంగా నౌకాదళంలో చేర్చారు. లీజు కాలం 10 సంవత్సరాలు.

దీని పొడవు సుమారు 110 మీటర్లు. 8 టార్పెడో గొట్టాలు కలిగి ఉంది. 2017లో దీని ముందుభాగంలోని సోనార్ కవచపు పలకలు ఊడి నష్టం వాటిల్లింది. అదే సమయంలో అమెరికా సిబ్బంది ఈ జలాంతర్గామిని చూశారని రష్యా పత్రికలలో వార్తలు వచ్చాయి. నౌకాదళాధిపతి అడ్మిరల్ సునీల్ లాంబా 2017 డిసెంబరులో పలకలు ఊడిన మాట నిజమని చెబుతూ, ఏ అమెరికన్ కూడా చక్రను చూడలేదని స్పష్టం చేశారు. లీజుకు తీసుకొన్నవారు ఎవరిని లోపలికి రానిస్తారన్నది కూడా యజమానికి పట్టింపే అని ఈ ఉదంతం తెలుపుతుంది. 2021 జూన్‌లో, గడువుకు కొన్ని నెలల ముందే, ఈ జలాంతర్గామి రష్యాకు తిరిగి బయలుదేరింది.

ఇదే తరగతికి చెందిన మరొక జలాంతర్గామిని లీజుకు తీసుకొనడానికి 2019 మార్చిలో ఒప్పందం జరిగింది. 2025 నాటికి అందవలసిన ఈ జలాంతర్గామి రావడం ఆలస్యమైంది.

ఇతర దేశాలలో

విశాఖపట్నం ఏర్పాటుకు భిన్నమైనది స్కాట్లండులోని హోలీ లాక్ ఉదాహరణ. అక్కడ మిత్రదేశపు జలాంతర్గాములు తమ పతాకంతోనే నిలిచాయి. అమెరికా పొలారిస్ జలాంతర్గాములకు అక్కడ స్థావరం ఇస్తున్నట్లు బ్రిటన్ ప్రధాని హెరాల్డ్ మాక్మిలన్ 1960 నవంబరు 1న పార్లమెంటులో ప్రకటించారు. 1961 మార్చిలో మొదటి సహాయక నౌక ప్రోటియస్ అక్కడికి చేరింది. గ్లాస్గో నగరానికి దూరంగా ఉండే మరొక చోటును బ్రిటన్ సూచించినా అమెరికా అంగీకరించలేదు.

బ్రిటన్ గడ్డపై ఉంచిన థోర్ క్షిపణులను ప్రయోగించాలంటే రెండు దేశాల తాళాలూ కావలసి ఉండేది. పొలారిస్ విషయంలో అటువంటి హక్కు బ్రిటన్‌కు దక్కలేదు. బ్రిటన్ ప్రాదేశిక జలాలు దాటిన తరువాత జలాంతర్గామిపై నిర్ణయం అమెరికాదే. సాధ్యమైతే సంప్రదిస్తామన్న హామీ మాత్రమే మిగిలింది. జలాంతర్గామి క్షిపణులు ప్రయోగించేది రేవులో ఉండి కాదు, నడిసముద్రం నుండి. కనుక ప్రాదేశిక జలాలకు పరిమితమైన అధికారం వలన ప్రయోజనం స్వల్పం. ఎదురుదాడి జరిగితే మొదటి లక్ష్యం మాత్రం స్థావరమే అని స్థానికులు నిరసనలు చేశారు. ఈ స్థావరాన్ని 1992లో మూసివేశారు.

రెండు ఉదాహరణలను పోల్చితే, హోలీ లాక్‌లో ఆతిథ్య దేశానికి రేవుపై అధికారం ఉండి నౌకపై లేకపోయింది. విశాఖపట్నంలో నౌకపై సారథ్యం లభించినా దాని యాజమాన్యం, ఆయుష్షు ఇతరుల చేతిలో ఉండిపోయాయి.

స్వదేశీ జలాంతర్గాములు

లీజుల వలన కలిగిన ముఖ్య ప్రయోజనం శిక్షణ పొందిన సిబ్బంది. విశాఖపట్నంలోని నౌకానిర్మాణ కేంద్రంలో తయారైన ఐ.ఎన్.ఎస్. అరిహంత్ 2009 జులై 26న జలప్రవేశం చేసి, 2016లో నౌకాదళంలో చేరింది. రెండవదైన ఐ.ఎన్.ఎస్. అరిఘాత్ 2024 ఆగస్టు 29న చేరింది. వీటిలో అణ్వస్త్ర క్షిపణులు ఉండవచ్చు. లీజు జలాంతర్గామికి వీలుకాని పని ఇదే. అణు జలాంతర్గాముల కొరకు విశాఖపట్నానికి దక్షిణాన, అనకాపల్లి జిల్లా రాంబిల్లి వద్ద మరొక స్థావరాన్ని చేపట్టారు.

నీటిలో ఉన్న జలాంతర్గామికి ఆజ్ఞలు అందించడం కూడా నియంత్రణలో భాగమే. సాధారణ రేడియో తరంగాలు సముద్రపు నీటిలోనికి చొచ్చుకొని పోలేవు. అతి తక్కువ పౌనఃపున్యం గల తరంగాలు కొన్ని మీటర్ల లోతు వరకు పోగలవు. అందుకు కావలసిన కేంద్రం తమిళనాడులో తిరునల్వేలి వద్ద ఐ.ఎన్.ఎస్. కట్టబొమ్మన్ పేరుతో 1990 నుండి పనిచేస్తున్నది. అటువంటి రెండవ కేంద్రానికి తెలంగాణలోని వికారాబాద్ జిల్లా దామగుండం అడవిలో 2024 అక్టోబరు 15న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి సమక్షంలో శంకుస్థాపన చేశారు. అడవికి, మూసీ నది పరీవాహక ప్రాంతానికి హాని కలుగుతుందని పర్యావరణవాదులు దీనిని వ్యతిరేకించారు. ఈ విధంగా సముద్రం లేని తెలంగాణకు కూడా అణు జలాంతర్గాములతో సంబంధం ఏర్పడింది.

ఇవి కూడా చూడండి

ఐ.ఎన్.ఎస్. అరిహంత్
ఐ.ఎన్.ఎస్. కురుసుర
విశాఖపట్నం
భారత నౌకాదళం
అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం
దామగుండం